ఆ ఒక్క డ్రమ్ము దెబ్బకు ముందు

చిరంజీవికి,

అమెరికా గాయని విట్నీ హ్యూస్టన్ మీద నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటిసారి చదివి పక్కన పడేశాను. రెండోసారి చదివితే కోపం వచ్చింది. "తన గాత్రంతో కోట్లాది హృదయాలను దోచుకున్నారు" అట! విట్నీ పేరు తీసేసి ఇంకెవరి పేరు పెట్టినా చెల్లుతుంది. పోనీ పుట్టిన ఊరైనా సరిగ్గా రాశావా? నెవార్క్‌ని న్యూయార్క్ చేసేశావు. ఆవిడది న్యూజెర్సీ. అక్కడి న్యూ హోప్ బాప్టిస్ట్ చర్చిలో వాళ్లమ్మ సిస్సీ పాటల బృందాన్ని నడిపేది. పిల్ల గొంతు సానబట్టుకున్నది అక్కడే. ఎల్విస్ ప్రెస్లీ వెనకాల, అరీతా ఫ్రాంక్లిన్ వెనకాల కోరస్ పాడిన తల్లి ఆవిడ. నీ వ్యాసంలో ఆవిడకి ఒక్క ముక్క దక్కలేదు.

1985 నుంచి 1988 దాకా వరసగా 7 పాటలు అమెరికా పాటల ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కాయన్నావు. నిజమే. ఆపైన గ్రామీ అవార్డులు, ఆపైన ప్లాటినమ్ రికార్డులు. పెళ్లిలో చదివింపుల పుస్తకంలా ఉంది.

"ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ" 14 వారాలు మొదటి స్థానంలో ఉందన్నావు సరే, ఆ పాట ఎలా మొదలవుతుందో చెప్పావా? దాదాపు ముప్పావు నిమిషం వాయిద్యమే ఉండదు. ఒట్టి గొంతు. 1992లో ఆ పాట వచ్చిన "ది బాడీగార్డ్" సినిమా హీరో కెవిన్ కాస్ట్‌నర్ అలాగే ఉండాలని పట్టుబట్టాడు. రేడియోల వాళ్లు వేయరని చెప్పినా వినలేదు. చివరికొచ్చేసరికి అన్నీ ఆగిపోతాయి. డ్రమ్ము మీద ఒక్క దెబ్బ. వెంటనే గొంతు పై శ్రుతిలో లేస్తుంది. అసలు ఆ పాట కంట్రీ గాయని డాలీ పార్టన్‌ది. తనకి టీవీలో చోటిచ్చిన పోర్టర్ వాగనర్ దగ్గర సెలవు తీసుకుంటూ రాసుకుంది. 1974లో వచ్చిన ఆ రికార్డు కూడా విను. డాలీ వెళ్లొస్తానంటుంది. విట్నీకి అడుగు పడదు.

ఈ పాట మీద నేనూ ఒక వారపత్రికకు రాశాను. కోఠిలో కొన్న క్యాసెట్‌ని వెనక్కి తిప్పీ తిప్పీ టేపు నలిగిపోతే, పెన్సిల్ దూర్చి చుట్టుకుని మళ్లీ విని, ఆ దెబ్బకు ముందున్న నిశ్శబ్దం మీద ఒక పేరా రాశాను. అచ్చయ్యాక చూస్తే ఆ పేరా లేదు! ఆ చోట అవార్డులన్నీ పేర్చి బాక్సు కట్టారు. సబెడిటర్ని అడిగితే "స్థలం చాల్లేదండీ" అన్నాడు. పారితోషికం 75 రూపాయలు, మనియార్డరు నాలుగు నెలలకి వచ్చింది. బాక్సు ఐటమ్ అంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మంట. ఇప్పుడు అది పోయి "మీకు తెలియని పది విషయాలు" వచ్చింది, అంతే తేడా.

2012లో విట్నీ ఒక హోటల్ గదిలో చనిపోవడం మీద ఒకటిన్నర పేజీ రాశావు. మూడు లైన్లు చాలు.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, నాలుగో పేజీలో బ్రాకెట్లో ఒక వాక్యం దాచావు: "మా అమ్మకి ఇంగ్లీషు రాదు, కానీ ఆ చోట గరిట ఆపేస్తుంది." బ్రాకెట్లోనా పెట్టేది! మొదటి వాక్యం అదే కావాలి. మిగతాదంతా దాని వెనకాల రావాలి, రానిది కొట్టెయ్.

ఏ పత్రికకు పంపాలి, కలం పేరు పెట్టుకోవాలా అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు తిరగరాసి పంపు. పొయ్యి మీద ఏం కూర ఉందో కూడా రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు