గన్ షోలో మనల్ని ఎలా చూస్తారు? మనం వాళ్లని ఎలా చూడాలి?

మీరు అడిగింది ఇది: "డాలస్ దగ్గర ఉంటున్నాం. ఆఫీసులో ఒకాయన గన్ షోకి రమ్మని పిలుస్తున్నాడు. అక్కడంతా గడ్డాలు, టాటూలు, మిలిటరీ ప్యాంట్లేనట. మన రంగు చూసి ఏమనుకుంటారోనని టెన్షన్‌గా ఉంది. మనలాంటివాళ్లు వెళ్లొచ్చా?"

వెళ్లొచ్చు. గన్ షో అంటే పెద్ద హాల్లో టేబుళ్లు వేసి తుపాకులు అమ్మే సంత. నేను వెళ్తూనే ఉంటాను. కాలేజీలో ఎన్‌సీసీ చేసేటప్పుడు పాయింట్ టూ టూ రైఫిల్ కాల్చిన సరదా ఎక్కడో లోపల ఉండిపోయింది, ఇక్కడ పౌరసత్వం వచ్చాక మళ్లీ పట్టుకుంది. మావారికి తుపాకులంటే గిట్టదు. కానీ షోలో పాత నాణేలు అమ్మే టేబుళ్లు కూడా ఉంటాయి కాబట్టి ఆయనా వస్తారు. లోపలికి వెళ్లాక ఎవరి దారి వాళ్లది.

ముందు మన చూపు సంగతి. మనం పెరిగిన చోట తుపాకి పోలీసు భుజాన ఉంటుంది, బ్యాంకు గుమ్మంలో గార్డు చేతిలో ఉంటుంది, లేదంటే సినిమాలో ఫ్యాక్షన్ నాయకుడి సుమోలో ఉంటుంది. లైసెన్సు ఉన్న రైతు ఇంట్లో డబుల్ బ్యారెల్ అయినా ఎన్నికలొచ్చాయంటే స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తుంది. అందుకే తుపాకి పట్టుకున్న మామూలు మనిషి అనేవాడు మనకి అలవాటు లేదు. పట్టుకుంటే ప్రభుత్వం మనిషి అయినా అయ్యుండాలి, రౌడీ అయినా అయ్యుండాలి. అవే కళ్లతో టెక్సస్‌లోనో ఓక్లహోమాలోనో షోకి వెళ్తే ప్రతివాడూ అనుమానంగానే కనిపిస్తాడు. మీరు చెప్పిన ప్యాంటు, ఆకులూ కొమ్మలూ అచ్చేసినది, చాలావరకు జింకల వేటకి వెళ్లేవాళ్ల బట్ట. వాల్‌మార్ట్‌లో దొరుకుతుంది, చంటిపిల్లల సైజులో కూడా దొరుకుతుంది. దాన్ని బట్టి మనిషి గురించి తెలిసేదేమీ లేదు. ఇక గడ్డం గురించి మాట్లాడే హక్కు ఈమధ్య మన కుర్రాళ్లకి అసలు లేదు.

కొత్తవాళ్లకి గుండె జారేది రైఫిల్ భుజాన వేసుకుని జనంలో తిరిగేవాళ్లని చూసినప్పుడు. దగ్గరికెళ్లి చూడండి. బ్యారెల్ చివర ఒక సన్నటి పుల్ల, దానికి కాగితం, కాగితం మీద ధర. ఇంట్లో ఉన్నదాన్ని అమ్ముకోవడానికి తెచ్చాడు, అంతే. అలా సొంత తుపాకి తెచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే దాన్ని టేబుల్ మీద పెట్టి చూపించాలి. లోపల గుళ్లు లేవని చూసి, కాల్చడానికి వీల్లేకుండా ప్లాస్టిక్ జిప్ టై బిగించాకే వదులుతారు. మీరు మాత్రం ఆ టేబుల్ పక్కన నిలబడి కబుర్లు చెప్పకండి. 2013 జనవరిలో నార్త్ కరొలైనాలోని రాలీలో ఇలాంటి షోకి వచ్చిన ఒకాయన ప్రవేశం దగ్గర సంచి విప్పుతుంటే షాట్‌గన్ పేలి ముగ్గురు గాయపడ్డారు. అందుకే షోలో నా కళ్లు ముందు మనుషుల చేతుల మీదికి పోతాయి. వేలు ట్రిగ్గర్ మీద ఉందా, గొట్టం ఎటు తిరిగి ఉంది. ముఖాలు తర్వాత.

ఇక వాళ్లు మనల్ని చూసే తీరు. ఇక్కడ డీలర్ వేరు, సొంత తుపాకి అమ్ముకునే మామూలు మనిషి వేరు. ఈ తేడా తెలియకపోతే అక్కడ జరిగేది సగం అర్థం కాదు.

డీలర్ అంటే ఫెడరల్ లైసెన్సు ఉన్నవాడు. షోలో అమ్మినా దుకాణంలో అమ్మినా కొనేవాళ్ల చేత 4473 అనే ఫారం నింపించాలి, 1998 నుంచి నడుస్తున్న ఎఫ్‌బీఐ బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాళ్లకి నేర చరిత్ర లాంటిదేమైనా ఉందేమో చూసే తనిఖీ, చేయించాలి. చెక్‌లో పాసైనా సరే, ఏదో తేడాగా ఉందనిపిస్తే అమ్మనని చెప్పే వీలు అతనికి ఉంది. ఎందుకంటే ఒకరి పేరు మీద కొని ఇంకొకరికి అప్పజెప్పే బాపతు కొనుగోళ్లు ఇక్కడ పెద్ద సమస్య. 2022లో వచ్చిన చట్టం దాన్ని ప్రత్యేకంగా ఫెడరల్ నేరం చేసింది, 15 ఏళ్ల దాకా జైలు. కాబట్టి డీలర్ మనిషిని తేరిపార చూస్తాడు. చూడాలి కూడా. దానికి నొచ్చుకోనక్కర్లేదు.

అయితే ఏం చూస్తాడు? నాకు బాగా పరిచయమున్న ఒక ముసలి డీలర్‌ని అడిగాను. "తుపాకి గురించి ఎవరు మాట్లాడుతున్నారు, డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది. ఈ రెండూ ఒకరే అయితే నాకు చాలు" అన్నాడు. ఒకరోజు నేను ఆయన టేబుల్ పక్కనే ఉండగా చక్కగా ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు వచ్చి ఒక పిస్టల్ మోడల్ గురించి అదీ ఇదీ అడిగి వెళ్లిపోయాడు. కాసేపటికి ఒక అమ్మాయి వచ్చి నేరుగా అదే మోడల్ కావాలంది. చేతిలోకి తీసుకుని చూడనైనా చూడలేదు. పర్సు తెరిచి నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ కుర్రాడు రెండు వరసల అవతల నిలబడి ఇటే చూస్తున్నాడు. "ఈరోజు ఇది అమ్మట్లేదమ్మా" అని డీలర్ దాన్ని తీసి లోపల పెట్టేశాడు. ఆ హాల్లో అందరికన్నా మర్యాదస్తుడిలా కనిపించింది ఆ ఇస్త్రీ చొక్కానే.

అందరు డీలర్లూ ఇంత తెలివైనవాళ్లు కారు. మా ఊరి దగ్గర జరిగే చిన్న షోలో ఒక డీలర్ నేను అద్దంలోకి వంగి చూస్తుంటే నన్ను వదిలేసి మావారితో మాట్లాడాడు. "మేడమ్‌కి ఇది బాగుంటుంది సార్" అని గులాబీ రంగు పిడి ఉన్న చిన్న పిస్టల్ తీశాడు. "నాకేం తెలీదండీ, ఆవిడనే అడగండి" అన్నారాయన. నేను "చూడొచ్చా?" అని అడిగి తీసుకుని, గొట్టం కిందికి పెట్టి, మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ వెనక్కి లాగి ఆపి, లోపల ఖాళీ అని చిటికెన వేలు పెట్టి చూసి, అలాగే తెరిచి వెనక్కిచ్చాను. అతను ఒక్క మాట మాట్లాడకుండా గులాబీని లోపల పెట్టి, వెనక వరసలోంచి నేను మొదటినుంచీ చూస్తున్నదాన్ని తీశాడు. ఆ తర్వాత మావారు అక్కడ లేనట్టే. ఆయన హాయిగా నాణేల దగ్గరికి పోయారు.

మనం ఇండియన్లమని తెలిసినప్పుడు ఎక్కువగా వచ్చే మాటలు "డాక్టరా?", "మోటెల్ ఉందా?" ఇవే. చిరాకేస్తుంది, కానీ అందులో విషం ఉండదు. ఓక్లహోమాలోని టుల్సాలో ఏప్రిల్‌లోనూ నవంబరులోనూ పెద్ద షో జరుగుతుంది. వేల టేబుళ్లు, ఒకే కప్పు కింద ఎకరాల కొద్దీ హాలు, బయట 75 అడుగుల చమురు కార్మికుడి విగ్రహం. డాలస్ నుంచి కారులో నాలుగు గంటలు. అక్కడ ఒకాయన నన్ను చూడగానే "ఇండియానా? ఆగండాగండి" అని టేబుల్ కింద నుంచి ఒక రైఫిల్ లాగాడు. బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసినది. ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని ముద్ర, చెక్కకి అడ్డంగా ఒక ఇత్తడి మర. మన పోలీసులు దశాబ్దాలు మోసిన త్రీ నాట్ త్రీకి దగ్గరి చుట్టం. 1962 చైనా యుద్ధం తర్వాత అదే డిజైన్‌ని కొత్త గుండుకి సరిపోయేలా మార్చారట, ఇవి అమెరికాకి బోలెడన్ని వచ్చాయి. మా ఊళ్లో పోలీసులు దీన్ని ఎలా తుడిచేవారో, బెల్టు ఎలా కట్టేవారో అన్నీ నాకు తెలుసనుకున్నాడు పాపం. ముఖం చూసి లెక్కేయడం అంటే ఇదీ అదే, కాకపోతే తియ్యగా.

చేదుగా ఉండేది రెండో రకం అమ్మకంలో. లైసెన్సు లేని మామూలు మనిషి తన సొంత తుపాకి అమ్ముకుంటే ఫెడరల్ చట్టం ప్రకారం బ్యాక్‌గ్రౌండ్ చెక్ అక్కర్లేదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, కొలరాడో లాంటి చోట్ల రాష్ట్ర చట్టం అడుగుతుంది. టెక్సస్‌లో, ఓక్లహోమాలో అడగదు. అప్పుడు ఆ అమ్మేవాడికి మిగిలేది ఏమిటి? ఎదుటి మనిషి ముఖం, యాస, వాలకం. ఒకసారి ఒకాయన దగ్గర పాత రివాల్వర్ నచ్చి బేరం కూడా కుదిరింది. డ్రైవింగ్ లైసెన్స్ చూపించమన్నాడు, చూపించాను. నా ఇంటిపేరు చదివాడు, మళ్లీ చదివాడు, "అసలు ఇది అమ్మడానికి కాదు, ఊరికే చూపించడానికి తెచ్చాను" అన్నాడు. ధర కాగితం దానికే వేలాడుతోంది. తర్వాత అటుగా వస్తుంటే దాన్నే ఒక టోపీ పెద్దాయనకి ఇచ్చేస్తున్నాడు. ఏ కార్డూ అడగలేదు.

నాకు కోపం వచ్చింది నన్ను కాదన్నందుకు మాత్రమే కాదు. ఆ టోపీ పెద్దాయన ఎవరో అతనికి ఏం తెలుసు? జైలు నుంచి వచ్చాడో, భార్యని కొట్టి కోర్టు ఆర్డర్ మీద ఉన్నాడో? డీలర్ దగ్గర చెక్‌లో నా పేరుకి ఒకసారి 'డిలేడ్' (ఇంకా తేలలేదు) అని వచ్చింది, మర్నాడు 'ప్రొసీడ్' (అమ్మొచ్చు) అయింది. కంప్యూటర్‌కి కూడా నా పేరుతో తికమకే, కానీ చివరికి ఒక జవాబు చెప్పింది. ఈయన చూపుకి జవాబూ లేదు, అప్పీలూ లేదు. కొందరు అమ్మేవాళ్లు తామే ముందుకొచ్చి డీలర్ టేబుల్ దగ్గరికి వెళ్లి, చిన్న ఫీజు కట్టి చెక్ చేయిద్దామంటారు. నేను ఇప్పుడు అలాంటివాళ్ల దగ్గరే కొంటాను.

మీ టెన్షన్ ఉత్తదే అని నేననను. 2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతేలో బార్‌లో కూర్చున్న హైదరాబాద్ ఇంజినీరుని ఇరానియన్ అనుకుని కాల్చి చంపారు. మనలో ఆ వార్త మరిచిపోయినవాళ్లు ఎవరూ లేరు. అతని పక్కనున్న వరంగల్ స్నేహితుడికీ గుండు తగిలింది. కాల్చినవాడిని ఆపబోయి గుండు తిన్న మూడో మనిషి ఒక తెల్ల కుర్రాడు. వాళ్ల అంచనా తప్పితే మన ప్రాణం పోతుంది, మన అంచనా తప్పితే వాళ్లకి కాస్త నొప్పి. రెండూ ఒకటి కావు. కాబట్టి జాగ్రత్తగా చూడటంలో తప్పులేదు, దేన్ని చూడాలనేదే ప్రశ్న.

నా లెక్క ఇది. పుట్టుకతో వచ్చినదీ, పనిలో వేసుకునేదీ పట్టించుకోను. తనంతట తానే ఒంటి మీద రాసుకున్నదాన్ని మాత్రం అతని మాటగానే తీసుకుంటాను. మెడ మీద నాజీ ఎస్ఎస్ మెరుపు గీతలు పొడిపించుకున్నవాడు నాతో ముందే మాట్లాడేశాడు, ఇక నేను ఆగి వినేదేముంది. ఇలాంటిదే ఇంకొకటి. షోలలో రెండో ప్రపంచ యుద్ధం సామాన్లు అమ్ముతారు, నాజీ గుర్తులున్నవి కూడా. ఒక టేబుల్ మీద అమెరికన్ హెల్మెట్, జపాన్ కత్తి, జర్మన్ బెల్టు, పక్కనే తాతగారు యుద్ధం నుంచి తెచ్చుకున్నప్పటి కాగితాలు. ఆ టేబుల్ ఆయన్ని కదిలిస్తే గంటసేపు చరిత్ర చెప్తాడు. ఇంకో టేబుల్ మీద అవే గుర్తులతో నిన్న అచ్చేసిన కొత్త జెండాలు, కారు స్టిక్కర్లు. వాటిని ఏ తాతా తేలేదు కదా. ఇద్దరూ బయటికి ఒకేలా ఉంటారు, అదే టోపీ, అదే బొజ్జ. టేబుల్ చూస్తే తెలిసిపోతుంది.

చివరిగా, మీరు హెచ్1బీ మీదో, స్టూడెంట్ వీసా మీదో ఉంటే చూసి రండి, కొనకండి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి గానీ గుళ్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. అమెరికాలో చెల్లే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, అయినా లాయర్‌ని అడగకుండా ఆ జోలికి పోవద్దు. నన్నడిగితే టేబుల్ మీదివి చేత్తో కూడా పట్టుకోకండి. స్నేహితుడు "నా పేరు మీద కొనిస్తాలే" అంటే అక్కడే దండం పెట్టేయండి, పైన చెప్పిన 15 ఏళ్ల కేసు అదే. గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు, కానీ వేరే రాష్ట్రంలో డీలర్ మీకు పిస్టల్ చేతికివ్వడు, మీ రాష్ట్రంలోని డీలర్‌కి పంపిస్తాడు.

వీలైతే శనివారం పొద్దున్నే వెళ్లండి. ఆదివారం మధ్యాహ్నానికి చాలామంది సర్దుకోవడం మొదలుపెడతారు, అప్పుడు మాట్లాడే ఓపిక ఎవరికీ ఉండదు.