మీ ప్రశ్నలు – మా జవాబులు: చిప్ మార్చినా సౌండ్ పెరగలేదేం?

ప్ర: నా ఆంప్లిఫయర్‌లో పాత టీడీఏ 2030 చిప్ బోర్డులు తీసేసి టీడీఏ 7294 చిప్ బోర్డులు రెండు పెట్టాను. ఒక్కోటి వంద వాట్లన్నారు. ట్రాన్స్‌ఫార్మర్ పాతదే, 12-0-12 (మధ్య తీగకు అటూ ఇటూ 12 వోల్టులు), 5 ఆంపియర్లు. స్పీకర్లు 8 ఓమ్‌లు. సౌండ్ ఏమాత్రం పెరగలేదు. నకిలీ చిప్‌లు అంటగట్టారంటారా? – తణుకు

జ: నకిలీలు మార్కెట్లో ఉన్న మాట నిజమే కానీ, ఇక్కడ పాపం చిప్‌లది కాదు. 12 వోల్టుల ఏసీని 1.414తో హెచ్చవేసి, డయోడ్ తినే వోల్టు తీసేస్తే ప్లస్ 16, మైనస్ 16 వస్తాయి. లోడ్ పడితే ఇంకాస్త దిగుతుంది. అందులో చిప్ తనకంటూ రెండు మూడు వోల్టులు ఉంచుకుంటుంది. స్పీకర్‌కు చేరేది 12.5 వోల్టుల పీక్ (గరిష్ఠం). దాని వర్గాన్ని 16తో (8 ఓమ్‌లకు రెట్టింపు) భాగిస్తే దాదాపు 10 వాట్లు. పాత 2030 కూడా ఇంతే ఇచ్చేది. వాట్లు ట్రాన్స్‌ఫార్మర్‌లో ఉంటాయి, చిప్ వాటిని దాటిస్తుందంతే.

8 ఓమ్‌లకు 24-0-24 తీసుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు ప్లస్, మైనస్ 33 నుంచి 36 దాకా చూపిస్తుంది. చిప్ హద్దు 40 కాబట్టి ఇబ్బంది లేదు. లోడ్‌లో 30కి దిగినా ఒక్కో చానల్‌కు 45 వాట్ల దాకా వస్తాయి. స్పీకర్లు 4 ఓమ్‌లైతే మాత్రం 18-0-18 దాటొద్దు, చిప్ వేడెక్కిపోతుంది. రెండు చానళ్లకు 5 ఆంపియర్లు కావాలి. మీద రాసిన అంకెను నమ్మేయకుండా చేత్తో ఎత్తి చూడండి. మామూలు ఇనప కోర్ రకమైతే ఆ సైజుది సుమారు మూడు కిలోలు తూగాలి.

ట్రాన్స్‌ఫార్మర్ మార్చగానే స్విచ్ వేసేయకండి. 12-0-12కు పెట్టిన ఫిల్టర్ కెపాసిటర్లు 25 వోల్టులవే అయి ఉంటాయి, 36 వోల్టులు తగిలితే పేలతాయి. ఒక్కో వైపు 50 వోల్టుల 4700 మైక్రోఫారడ్‌లు రెండేసి వేయండి. 4007 డయోడ్లు తీసేసి 25 ఆంపియర్ల బ్రిడ్జిని (నాలుగు డయోడ్లు ఒకే ముక్కలో ఉండేది) క్యాబినెట్ రేకుకు బిగించండి. చాలామంది మరిచిపోయేది ఇంకొకటుంది. బ్లూటూత్ బోర్డుకో, బాస్-ట్రెబుల్ బోర్డుకో ఇదే సప్లై నుంచి 7812 (12 వోల్టుల రెగ్యులేటర్ చిప్) ద్వారా కరెంటు ఇస్తారు. 7812 ఓర్చుకునేది 35 వోల్టులే. వాటికి వేరే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేయండి.

ప్ర: వాల్యూమ్ సున్నాకు తిప్పినా గుంయ్‌మని హమ్ వస్తోంది. ఫిల్టర్ కెపాసిటర్లు రెట్టింపు చేసినా తగ్గలేదు. – కరీంనగర్

జ: కెపాసిటర్లు పెంచితే హమ్ పోతుందన్నది అందరూ చెప్పే సలహా. తప్పు సాధారణంగా గ్రౌండ్ వైర్ల దారిలో ఉంటుంది. ముందు ఆంప్లిఫయర్ బోర్డుకు వచ్చే ఇన్‌పుట్ వైరు తీసి, ఆ ఇన్‌పుట్‌ను అక్కడే గ్రౌండ్‌కు కలిపి వినండి. హమ్ ఆగితే గోల వాల్యూమ్ కంట్రోల్ దగ్గరో అంతకు ముందో ఉంది, షీల్డ్ వైర్లు చూడండి. ఆగకపోతే లోపలి వైరింగే.

ట్రాన్స్‌ఫార్మర్ మధ్య తీగ నేరుగా రెండు ఫిల్టర్ కెపాసిటర్లు కలిసే చోటికి పోవాలి. అక్కడ సెకనుకు వందసార్లు పెద్ద కరెంటు దూకుతుంటుంది. కాబట్టి మిగతా గ్రౌండ్‌లు ఆ చోట సోల్డర్ చేయకండి. అక్కడి నుంచి బెత్తెడు మందపాటి తీగ లాగి, దాని చివర ఒక బోల్టు పెట్టండి. స్పీకర్ల మైనస్‌లు, బోర్డుల గ్రౌండ్‌లు, ఇన్‌పుట్ గ్రౌండ్ దేనికది విడిగా ఆ బోల్టుకే చేరాలి. స్పీకర్ మైనస్‌ను బోర్డు ఇన్‌పుట్ పక్కన అతికించారంటే హమ్‌ను చేజేతులా పిలిచినట్టే. ఇవన్నీ సరిగ్గా ఉన్నా సన్నగా రొద మిగిలితే, స్విచ్ ఆపి ట్రాన్స్‌ఫార్మర్‌ను పావు చుట్టు తిప్పి పెట్టి మళ్లీ వినండి. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్‌లో ఎర్త్ మాత్రం పీకొద్దు, ప్రాణం మీదికి వస్తుంది.

ప్ర: 7294 బోర్డు విడిగా బాగానే పాడుతోంది. క్యాబినెట్‌లో బిగించి స్విచ్ వేయగానే ఫ్యూజ్ పోతోంది. – అనంతపురం

జ: 7294 వెనక రేకు లోపల మైనస్ సప్లైకి కలిసే ఉంటుంది. దానికి బిగించిన హీట్ సింక్ (చిప్ వేడిని లాగే లోహపు దిమ్మ) క్యాబినెట్‌కు తగిలితే, క్యాబినెట్ గ్రౌండ్ కాబట్టి మైనస్ సప్లై షార్ట్. చిప్ వెనక మైకా షీట్, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ వేయండి. వేడి దాటించే పేస్ట్ రెండు వైపులా పల్చగా చాలు, వెన్న పూసినట్టు పూస్తే వేడి దిగదు. బిగించాక చిప్ రేకుకూ హీట్ సింక్‌కూ మధ్య మీటర్ బీప్ అనకూడదు.

ఈసారి సిరీస్ బల్బు (కరెంటు వచ్చే తీగ మధ్యలో కలిపే బల్బు) పెట్టి స్విచ్ వేయండి. 100 వాట్ల ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఒక్క క్షణం వెలిగి మందగిస్తే సరే. వెలుగుతూనే ఉంటే ఇంకా షార్ట్ ఉన్నట్టే. స్పీకర్ తగిలించే ముందు అవుట్‌పుట్‌లో డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపుంటే భయం లేదు. వోల్టుల్లో చూపిస్తే స్పీకర్ కాయిల్ మాడుతుంది.

ప్ర: కొత్త 7294 బోర్డుకు ప్లస్, మైనస్ సప్లై సరిగ్గానే వస్తోంది. అవుట్‌పుట్‌లో డీసీ లేదు, సౌండూ లేదు. – బళ్లారి

జ: గ్రౌండ్‌తో పోల్చి 9వ పిన్ (స్టాండ్‌బై), 10వ పిన్ (మ్యూట్) కొలవండి. రెండింటికీ 3.5 వోల్టులకు పైన ఉంటేనే చిప్ నోరు విప్పుతుంది. కొన్ని బోర్డుల్లో వీటిని బయటి స్విచ్ కోసం ఖాళీగా వదిలేస్తారు. అక్కడి రెసిస్టర్ల మీదుగా ప్లస్ సప్లైకి కలిపితే చాలు.