బిగుసుకుపోయిన ఫోకస్ రింగ్

ప్రశ్న: కెమెరాకు పాత 50 మి.మీ. మాన్యువల్ లెన్స్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. అద్దాలు శుభ్రంగా ఉన్నాయి కానీ ఫోకస్ రింగ్ తిప్పాలంటే వేళ్లు నొప్పి పుడుతున్నాయి. సందులో రెండు చుక్కల నూనె వేయవచ్చా?

జవాబు: దయచేసి వేయకండి. పల్చటి నూనె ఈరోజు రింగును వదులు చేస్తుంది, ఆ తర్వాత మెల్లగా పాకి అపెర్చర్ రేకుల (లోపలికి వచ్చే వెలుతురును తగ్గించి పెంచే పల్చటి రేకులు) మీదికి చేరుతుంది. రేకులు అతుక్కుంటే బాగుచేయడం ఇంకా కష్టం. తుప్పు వదిలించే స్ప్రేలు అంతకన్నా ప్రమాదం. మంచి అద్దాలున్న లెన్సులు ఇలా పాడవడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ముందుగా రింగును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నెమ్మదిగా తిప్పి చూడండి. అంతటా ఒకే బిగువు ఉంటే లోపలి మరల్లోని గ్రీజు ఎండి చిక్కబడిందన్నమాట. చలికి ఈ బిగువు ఇంకా పెరుగుతుంది. ఒక్కచోటే పట్టేస్తుంటే ఎప్పుడో కిందపడి గొట్టం సొట్టపోయి ఉండవచ్చు. లెన్స్ ముందు ఫిల్టర్ బిగించే అంచు మీద సొట్ట ఉందేమో పరిశీలించండి.

ఎండిన గ్రీజు కొన్నిసార్లు తిప్పగా తిప్పగా కాస్త మెత్తబడుతుంది, కానీ పూర్తిగా నయం కాదు. అసలు మందు లోపలి మరను విప్పి, పాత గ్రీజును కడిగి, హెలికాయిడ్ (ఫోకస్ మర) కోసం ఉండే గ్రీజు పల్చగా పూయడమే. ఆ మరకు ఒకటికి మించి మొదళ్లు, అంటే మర ఎక్కడం మొదలయ్యే చోట్లు, ఉంటాయి. విడిపోయిన చోటును గుర్తు పెట్టుకోకుండా వేరే మొదట్లో ఎక్కిస్తే దూరపు దృశ్యాలకు ఫోకస్ కుదరదు. అందుకే మొదటిసారి అయితే లెన్సులు విప్పడం తెలిసిన మెకానిక్‌కే ఇవ్వండి. అప్పటిదాకా బలవంతంగా మాత్రం తిప్పవద్దు.