సమాధి దగ్గర వాక్యం చెప్పబోయే తమ్ముడికి

ప్రియ తమ్ముడికి,

ప్రభువు పేరట వందనాలు. సంఘ బాధ్యత తీసుకున్నాక మొదటిసారి భూస్థాపన కూడికలో వాక్యం చెప్పాల్సి వస్తోందని, అదీ ఎదిగిన కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రుల ముందు నిలబడాలని రాశావు. "పునరుత్థానం గురించి చెబితే వాళ్ల దుఃఖాన్ని తేలిక చేసినట్టవుతుందేమో, చెప్పకపోతే నేను వెళ్లడం ఎందుకు?" అని అడిగావు. ఆ భయం నీకు ఉన్నందుకు సంతోషించాను. అది ఏమాత్రం లేకుండా సమాధి దగ్గర గొంతెత్తేవారిని చూశాను. వారి మాటల వల్ల ఆదరణ పొందినవారిని మాత్రం చూడలేదు.

అన్నిటికంటే ముందు, ఏడవవద్దని ఎవరికీ చెప్పకు. ఒక కూడికలో బోధకుడు, "మీ అబ్బాయి ప్రభువు దగ్గర ఉంటే మీకు ఏడుపెందుకు? విశ్వాసులు ఇలా ఏడవకూడదు" అన్నాడు. ముందు వరుసలో ఉన్న తల్లి వెంటనే ఏడుపు ఆపేసింది. కూడిక ముగిసేదాకా పెదవులు బిగబట్టి, ఒళ్లో ఉన్న పాటల పుస్తకం అంచును గోటితో గీరుతూ కూర్చుంది. ఆ తర్వాత చాలా నెలలు ఆమె మందిరానికి రాలేదు. అడగ్గా అడగ్గా చివరకు చెప్పింది: "అక్కడికి వస్తే ఏడుపు వస్తుంది. ఏడిస్తే నాకు విశ్వాసం లేదంటారు." మనకున్న అతి గొప్ప నిరీక్షణను, అంటే చనిపోయినవారు తిరిగి లేస్తారన్న ఆశను, ఒక తల్లి నోరు మూయించడానికి వాడారు. దాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

యోహాను సువార్త 11వ అధ్యాయం మళ్లీ ఒకసారి నిదానంగా చదువు. "పునరుత్థానమును జీవమును నేనే" అని చనిపోయిన లాజరు సహోదరి మార్తతో చెప్పిన ప్రభువే కాసేపటికి ఆమె చెల్లెలు మరియ ఏడవడం చూసి తానూ కన్నీళ్లు విడిచాడు. లాజరును లేపబోతున్నానని ఆయనకు తెలుసు. సమాధి మీది రాయి ఇంకొంచెం సేపట్లో తీయిస్తాడు. అయినా ఏడ్చాడు. జరగబోయేది తెలిసినవాడే ఏడ్చినప్పుడు ఏమీ కనబడని ఆ తల్లిదండ్రులను ఆపడానికి నువ్వెవరివి, నేనెవరిని? థెస్సలొనీకయులకు పౌలు రాసింది కూడా ఇదే దారిలో ఉంది. ఆ సంఘంలో కొందరు నిద్రించారు, అంటే చనిపోయారు, మిగిలినవారు కలవరపడ్డారు. నిరీక్షణలేని ఇతరుల వలె దుఃఖపడవద్దని రాశాడు గాని, దుఃఖమే పడవద్దని రాయలేదు. నిరీక్షణ ఉన్నవాళ్లకూ దుఃఖం ఉంటుంది. ఆ మాట నీ నోటినుంచి వాళ్లు వినాలి.

అలాగే మరణాన్ని తియ్యగా మార్చి చెప్పకు. "దేవుడికి మంచి పువ్వు కావాలనిపించి కోసుకున్నాడు" అనే మాట చాలా కూడికల్లో వినిపిస్తుంది. చెప్పేవారి మనసు మంచిదే కావచ్చు. కానీ ఆ మాట విన్న తల్లికి దేవుడు ఎలా కనబడతాడో ఆలోచించు. వాక్యం మరణాన్ని అలా చూడదు. "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అని 1 కొరింథీయులకు 15వ అధ్యాయం 26వ వచనం. శత్రువును శత్రువు అనే పిలువు. అలా పిలిచిన తర్వాతే క్రీస్తు లేచాడన్న మాటకు బలం వస్తుంది. మరణం మంచిదే అయితే దాన్ని ఆయన జయించవలసిన పని ఏముంది?

ఇక పునరుత్థానం గురించి ఎలా చెప్పాలన్నది. దాన్ని జరిగిన సంగతిగా చెప్పు. "మంచి ఎప్పటికీ చావదు", "ఆయన మన జ్ఞాపకాల్లో బతికే ఉంటాడు" లాంటి మాటల్లోకి జారిపోకు. అవి ఎవరైనా చెప్పగలరు, ఎవరి సమాధి దగ్గరైనా చెప్పగలరు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో పౌలు పద్ధతి చూడు. క్రీస్తు మన పాపాల నిమిత్తం మృతిపొందాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేపబడ్డాడు, కేఫాకు, అంటే పేతురుకు కనబడ్డాడు, తర్వాత పన్నెండుగురికి, ఆ తర్వాత 500 మందికి పైగా సహోదరులకు ఒక్కసారే కనబడ్డాడు. వారిలో చాలామంది ఇంకా బతికే ఉన్నారని కూడా రాశాడు, అంటే వెళ్లి అడగవచ్చునని. తర్వాత యాకోబు పేరు, అపొస్తలులందరి మాట, చివరికి తన పేరు చెప్పాడు. ఆ అధ్యాయం సాక్షుల పేర్లతో మొదలవుతుంది, ఓదార్పు మాటలు తర్వాత వస్తాయి.

ఈ సంగతి ఎంత పాతదో నువ్వు తెలుసుకుని ఉండాలి. కొరింథులో పౌలు ఉన్నప్పుడు గల్లియో అనే రోమా అధికారి ఆ ప్రాంతమైన అకయకు అధిపతి అని అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయం చెబుతోంది. గ్రీసులోని డెల్ఫీలో దొరికిన శాసనాన్ని బట్టి గల్లియో అక్కడ ఉన్నది సుమారు క్రీ.శ. 51లో. అంటే యేసు సిలువ వేయబడిన దాదాపు ఇరవై ఏళ్లకే పౌలు కొరింథు వారికి ఈ మాటలు అప్పగించాడు. అది కూడా తన సొంత మాటగా కాదు, తనకు అంతకుముందే అప్పగించబడిన దానిగా. తరాలు గడిచాక అల్లిన కథ అనేవారికి ఇది గట్టి జవాబు. స్త్రీల సంగతి కూడా అంతే. ఆ కాలపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ స్త్రీల సాక్ష్యం చెల్లదని రాశాడు. అలాంటి రోజుల్లో నాలుగు సువార్తలూ ఖాళీ సమాధి దగ్గరికి మొదట మగ్దలేనే మరియనే నడిపించాయి. ఆ స్త్రీలు చెబితే శిష్యులకే అవి వెఱ్ఱి మాటలుగా తోచాయని లూకా దాచకుండా రాశాడు. కట్టుకథ అల్లేవాడు సాక్షులను అలా ఎంచుకోడు.

ఇదంతా సమాధి దగ్గర చెప్పమని కాదు. అక్కడ చెబితే వాదనలా ఉంటుంది, వాళ్లకు అప్పుడు వాదన అవసరం లేదు. నీ కాళ్ల కింద నేల గట్టిగా ఉందని నీకు తెలియడం కోసం రాశాను. అది తెలిసినవాడి గొంతులో తొందర ఉండదు. పది నిమిషాలు చాలు. ఒకే భాగం తీసుకో, నెమ్మదిగా చదువు, ఆ చనిపోయిన అబ్బాయి పేరు పలుకు. చాలామంది బోధకులు పేరు పలకడమే మరచిపోతారు.

శరీరం గురించి జాగ్రత్తగా మాట్లాడు. "ఇది వట్టి మట్టి, ఆయన ఇక్కడ లేడు" అని శవపేటిక వైపు చేయి చూపించడం నాకు నచ్చదు. తండ్రి ఎత్తుకుని పెంచిన శరీరం అది. మన విశ్వాస ప్రమాణంలో ఆత్మ తప్పించుకుపోతుందని చెప్పి ఆగిపోము, శరీర పునరుత్థానాన్ని నమ్ముతున్నామని ఒప్పుకుంటాం. లేచిన ప్రభువు శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నాడు, చేతుల్లోని మేకుల గుర్తులు తోమాకు చూపించాడు. మహిమ పొందిన శరీరంలో కూడా ఆ గాయాల గుర్తులు పోలేదు. ఇది నేను ఎన్నిసార్లు ధ్యానించినా తరగని సంగతి. ఈ లోకంలో మనం పడిన బాధను దేవుడు చెరిపేసి ఏమీ జరగనట్టు కొత్తగా మొదలుపెట్టడు. "క్షయమైనదిగా విత్తబడి అక్షయమైనదిగా లేపబడును" అన్నప్పుడు పౌలు విత్తనం మాట ఎందుకు తెచ్చాడంటే, విత్తినదీ మొలిచినదీ రూపంలో వేరైనా వాటి మధ్య సంబంధం తెగదు. ఆ కుటుంబానికి ఇది చెప్పు. వాళ్లు మళ్లీ చూడబోయేది తమ కొడుకునే.

ఎవరైనా వచ్చి, "ప్రార్థన చేద్దాం, దేవుడు ఇప్పుడే లేపుతాడు" అంటే మెత్తగా, కానీ నిశ్చయంగా పక్కకు తీసుకెళ్లి ఆపు. ఆ ఆశ పెట్టి గంటల తరబడి శవం దగ్గర కేకలు వేయించి, చివరకు "మీకు విశ్వాసం చాలలేదు" అని వెళ్లిపోయిన మనుషులు ఉన్నారు. దేవుడి శక్తికి హద్దు పెట్టమని నేను అనడం లేదు. లాజరు లేచాడు, నిజమే, కానీ మళ్లీ ఒకరోజు చనిపోయాడు. క్రీస్తు లేచింది అలాంటి లేవడం కాదు. ఆయన ఇక చనిపోడు, మరణానికి ఆయన మీద అధికారం లేదు. మన నిరీక్షణ ఆయన లేచిన తీరు మీద ఉంది.

ఆ అబ్బాయి విశ్వాసంలో బలహీనంగా ఉండేవాడని రాశావు. ఆ విషయంలో తీర్పు చెప్పే పని నీది కాదు. తప్పకుండా మహిమలో ఉన్నాడని నీకు తెలిసినట్టు ప్రకటించవద్దు, "మీరైనా మారుమనస్సు పొందండి" అని అతణ్ని అడ్డం పెట్టుకుని ఇతరులను బెదిరించవద్దు. మూడుసార్లు తనను ఎరుగనన్న పేతురు కోసం బొగ్గుల నిప్పు వేసి భోజనం సిద్ధం చేసిన ప్రభువు చేతుల్లో అతణ్ని అప్పగించు. అంతకు మించి నీకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడితే అబద్ధమవుతుంది.

నీకే సందేహం కలిగితే ఏం చేయాలని చివర్లో చిన్న అక్షరాలతో రాశావు. దాన్ని పెద్ద అక్షరాలతోనే రాయవచ్చు. లేచిన ప్రభువును కళ్లారా చూసిన పదకొండుమంది శిష్యుల్లోనే "కొందరు సందేహించిరి" అని మత్తయి రాశాడు. వాళ్లను ఆయన వెళ్లగొట్టలేదు, ఆ తర్వాతి మాటలోనే సమస్త జనుల దగ్గరికి పంపాడు. సందేహంతో వెళ్లి చెప్పవచ్చు. నమ్మకం ఉన్నట్టు నటిస్తూ మాత్రం చెప్పకు, ఏడుస్తున్నవాళ్లు నటనను ఇట్టే పసిగడతారు.

1 కొరింథీయులకు 15వ అధ్యాయాన్ని పౌలు ఎక్కడ ముగించాడో కూడా గమనించు. "ఓ మరణమా, నీ విజయమెక్కడ?" అన్న కేక దగ్గర ముగించలేదు. మీ ప్రయాసము ప్రభువునందు వ్యర్థము కాదు గనుక స్థిరంగా పని చేయండి అన్న దగ్గర ముగించాడు. వెంటనే వచ్చే మాట పేద పరిశుద్ధుల కోసం చందా గురించి. పునరుత్థానాన్ని నమ్మే సంఘం మర్నాటి పని మీద కూడా దాన్ని చూపించాలి. కాబట్టి నువ్వూ నీ సంఘపెద్దలూ ఆ ఇంటికి మళ్లీ వెళ్లండి. మొదటి వారంలో అందరూ వస్తారు. మూడో నెలలో ఎవరూ రారు, అప్పుడు వెళ్లండి. ఆ తండ్రి మాట్లాడకపోతే పక్కన కూర్చోండి. అప్పులు, ఆస్పత్రి కాగితాలు, చదువుకుంటున్న చిన్నవాళ్లు ఉంటే ఆ పనులు అందుకోండి.

రాబోయే ఈస్టర్ వాళ్లకు కష్టంగా ఉంటుంది. అందరూ విజయగీతాలు పాడుతుంటే గొంతు పెగలదు. ముందుగానే వెళ్లి, రాలేకపోతే ఫరవాలేదని, వచ్చి చివరి వరుసలో ఊరికే కూర్చున్నా చాలని చెప్పు. వాళ్ల ఇంట్లో మార్కు సువార్త 16వ అధ్యాయం మొదటి ఎనిమిది వచనాలు చదువు, అక్కడ ఆపెయ్యి. ఆయన లేచాడన్న మాట మొట్టమొదట విన్న స్త్రీలు వణుకుతూ పారిపోయారు, భయంతో ఎవరితోనూ ఏమీ చెప్పలేకపోయారు. ఆ ఉదయం హల్లెలూయ అనలేని ఆ తల్లికి వాక్యంలో ఆమెలాంటివాళ్లు ఉన్నారని తెలియాలి. మిగతాది ఆమె అడిగినప్పుడు చెప్పవచ్చు.

కూడిక అయ్యాక ఎలా జరిగిందో రాయి. మేమిద్దరం ఆ కుటుంబం కోసం, నీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాం.

ప్రభువునందు,
నీ అన్న