సాఫ్ట్‌వేర్ పోయాక మిగిలేదేంటి? (పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: పన్నెండేళ్లుగా డిజైన్, యానిమేషన్ క్లాసులు చెప్తున్నానండి. మొదట్లో ఫ్లాష్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ చెప్పేదాన్ని, రాత్రుళ్లు కూర్చుని రెండు లావుపాటి నోట్‌బుక్కులు నింపాను, తీరా 2020 డిసెంబర్ 31తో ఆ బొమ్మల్ని బ్రౌజర్‌లో ఆడించే ఫ్లాష్ ప్లేయర్‌కే మంగళం పాడేశారు. తర్వాత ఇంకోటి పట్టుకుంటే దాని మెనూలు అప్‌డేట్‌కోసారి చోటు మారతాయి. ఇప్పుడేమో రెండు లైన్లు టైప్ చేస్తే ఏఐ బొమ్మే ఇచ్చేస్తోంది. నేను ఈరోజు చెప్పేది ఈ పిల్లలు బయటికెళ్లేసరికి పనికొస్తుందా అని క్లాసుకెళ్లే ముందు దిగులుగా ఉంటోంది. ఏం నేర్పితే నిలుస్తుందంటారు?
– ఒక టీచర్

జవాబు: టీచర్ గారూ, ముందు ఆ నోట్‌బుక్కులు పాత పేపర్లలో వేసెయ్యకండి. ఓసారి బయటికి తీసి, ఒక పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. ప్రతి మాట దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోండి, ఇది కంప్యూటర్ రాకముందు కూడా ఉందా అని. ఉంటే టిక్కు పెట్టండి, లేకపోతే వదిలెయ్యండి.

కీఫ్రేమ్ తీసుకోండి. చేత్తో బొమ్మలేసే రోజుల్లో సీనియర్ ఆర్టిస్టు ఒక కదలికలో ముఖ్యమైన భంగిమలు మాత్రం గీసిచ్చేవాడు, మధ్యలో బొమ్మలన్నీ జూనియర్లు నింపేవాళ్లు, వాళ్లని ఇన్‌బిట్వీనర్లు అనేవాళ్లు. మధ్య బొమ్మలు తనే నింపేస్తుందని మీరు ఫ్లాష్‌లో నొక్కిన 'ట్వీన్' ఆ మాటలోని ముక్కే. లేయర్ అంటారా, ఫొటోషాప్‌లోకి 1994లో వచ్చింది గానీ, పారదర్శకంగా ఉండే సెల్యులాయిడ్ షీట్లు ఒకదాని మీద ఒకటి పరిచి, వెనక చెట్టూ కొండా కదలకుండా ముందు మనిషిని నడిపించడం 1910ల నాటి పద్ధతి. ఫొటోషాప్‌లో డాడ్జ్, బర్న్ టూల్స్ ఐకన్లు ఎప్పుడైనా పట్టి చూశారా? ఒకటి పుల్లకి అతికించిన గుండ్రటి అట్టముక్కలా ఉంటుంది, ఇంకోటి మడిచిన చెయ్యి. డార్క్‌రూమ్‌లో ఫొటో కడిగేవాళ్లు ఆ అట్టముక్క అడ్డం పెట్టి ఒకచోట వెలుగు తగ్గించేవాళ్లు, అక్కడ ఫొటో తెల్లగా వచ్చేది, చేతి సందులోంచి ఇంకోచోట ఎక్కువసేపు వెలుగు పడనిస్తే అక్కడ నల్లబడేది. పేజీ డిజైన్‌లో వరుసల మధ్య ఖాళీని లెడింగ్ అంటాం కదా, అచ్చు అక్షరాల వరుసల మధ్య పెట్టే సీసం పట్టీల పేరది.

మీ నోట్స్‌లో ఇలా టిక్కు పడినవన్నీ ఇప్పటికే రెండు మూడు సార్లు పనిముట్లు మారినా బతికి బట్టకట్టినవి. ఇంకోసారి మారినా బతుకుతాయనే నా నమ్మకం. 'ఫలానా మెనూలో మూడో ఆప్షన్' అని రాసుకున్న పేజీలు మాత్రం పోయినట్టే, వాటి కోసం ఏడవక్కర్లేదు.

నా తప్పొకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒకమ్మాయి నేను చెప్పిన స్టెప్పులు వదిలేసి వేరే దారిలో ఎగిరే బంతి చేసుకొచ్చింది. స్టెప్పులు తప్పాయని మార్కులు కోశాను. బంతి మాత్రం క్లాసులో అందరికంటే బాగా ఎగిరింది, నేను ఆ బంతిని చూడనేలేదు, ఏ బటన్ నొక్కిందో చూశాను. ఆ స్టెప్పులు ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు.

ఆ బంతినే మీ మొదటి పాఠం చేసుకోండి, కంప్యూటర్ ఆన్ చెయ్యకుండా. అయిదు కాగితాలు తీసుకుని, ఒక్కోదాని మీద ఒకేచోట 16 సెంటీమీటర్ల నిలువు గీత గీయమనండి. దాని మీద బంతి కిందికి పడుతున్నట్టు కాగితానికొకటి చొప్పున అయిదు బొమ్మలు వెయ్యమంటే, దాదాపు అందరూ సమాన దూరాల్లో వేస్తారు. పేజీలు గబగబా తిప్పి చూస్తే బంతి పడినట్టుండదు, లిఫ్ట్‌లో దిగినట్టుంటుంది. ఎందుకిలా ఉందని అడిగి కాసేపు ఊరుకోండి, ఎవరో ఒకరు 'పడేకొద్దీ స్పీడ్ పెరగాలి కదా' అంటారు. అప్పుడు గెలీలియో లెక్క చెప్పండి, సమానమైన సమయాల్లో వస్తువు పడే దూరాలు 1, 3, 5, 7 నిష్పత్తిలో పెరుగుతాయి. అంటే గీత పైనుంచి 0, 1, 4, 9, 16 సెంటీమీటర్ల దగ్గర బొమ్మలు పడాలి. మళ్లీ తిప్పితే బంతికి బరువొచ్చేస్తుంది! ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి మీరు. వెంటనే, ఇదే గీత మీద గాలి నింపిన బెలూన్ దిగాలంటే ఎలా అని అడగండి. గాలి ఆపుతుంది కాబట్టి అది కాసేపటికే ఇంచుమించు ఒకే వేగంతో దిగుతుంది, ఇందాక తప్పన్న సమాన దూరాలే ఇక్కడ సరిపోతాయి. ఆ తర్వాత కంప్యూటర్‌లో కదలిక వేగాన్ని మెల్లగా పెంచే, తగ్గించే 'ఈజ్' బటన్ నొక్కమంటే అది ఏం చేస్తోందో వాళ్లకి తెలుసు, అదే పనిని ఇంకో సాఫ్ట్‌వేర్‌లో కూడా చేయించండి, బటన్ ఎక్కడుందో వెతుక్కోవడం వాళ్ల పని.

అలాగని పనిముట్టుతో పనేం లేదు, బేసిక్స్ వస్తే చాలు అని మాత్రం పిల్లలకి చెప్పకండి, ఆ మాట ఆల్రెడీ ఉద్యోగంలో కుదురుకున్నవాళ్లు చెప్పే మాట. చెయ్యి తిరగకపోతే బుర్రలో ఉన్నది బయటికి రాదు. ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో చెయ్యి బాగా తిరిగేదాకా కూర్చోబెట్టాల్సిందే.

ప్రశ్న: సార్, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే పదేళ్లు ఢోకా ఉండదు? ఒక్క పేరు చెప్పండి చాలు.
– ఒక స్టూడెంట్

జవాబు: అలాంటిది లేదు తమ్ముడూ. ఇప్పుడు నీకు దొరుకుతున్నది పట్టుకో. ఒక్కటి మాత్రం చెయ్యి, నీ పని ఆ సాఫ్ట్‌వేర్ సొంత ఫైల్‌లోనే కాకుండా ఇంకెక్కడైనా తెరుచుకునే రకంలో కూడా దాచుకో, బొమ్మ అయితే పీఎన్‌జీ, గీతల డిజైన్ అయితే ఎస్‌వీజీ, మాటలైతే మామూలు టెక్స్ట్. ఫ్లాష్‌లో ప్రోగ్రాములు రాసే యాక్షన్‌స్క్రిప్ట్ భాష నేర్చుకున్నవాళ్లు ఫ్లాష్ పోయాక మరీ రోడ్డున పడలేదు, అదీ వెబ్ పేజీల్లో వాడే జావాస్క్రిప్టూ దగ్గరి చుట్టాలు కాబట్టి లాజిక్ అర్థం చేసుకున్నవాళ్లు ఇటు జరిగిపోయారు, బట్టీ పట్టినవాళ్లే ఇబ్బంది పడ్డారు.

ప్రశ్న: హోంవర్క్ ఇస్తే అందరూ ఏఐతో చేయించి తెస్తున్నారు. నిషేధిస్తే దొంగచాటుగా వాడతారు, ఒప్పుకుంటే ఇక నేర్చుకునేదేం లేదు. మార్కులు ఎలా వెయ్యాలి?
– ఇంకో టీచర్

జవాబు: చివరి బొమ్మకి మార్కులు వేసినంతకాలం ఈ తలనొప్పి తప్పదండి. పారేసిన వాటికి మార్కులు వెయ్యండి. ఏఐతో చేసినా సరే, చేత్తో చేసినా సరే, అయిదు ప్రయత్నాలు తెమ్మనండి, నాలుగు ఎందుకు వద్దనుకున్నారో ఒక్కో దానికి రెండు వాక్యాలు రాయమనండి, అదీ క్లాసులో మీ ముందే, చేత్తో. 'నచ్చలేదు' అని రాస్తే సున్నా.

ఒకసారి ఇలా చేయించినప్పుడు ఒక పిల్లాడు కిటికీ పక్కన కూర్చున్న ముసలాయన బొమ్మ తెచ్చాడు, అచ్చం ఫొటోలా ఉంది, అందరూ ఆహా అన్నారు. వెలుగెటు నుంచి వస్తోందిరా అని అడిగాను. కిటికీ ఎడమ వైపుంది, ముఖం మీద వెలుగు ఎడమ వైపే పడింది, కుర్చీ నీడ కూడా ఎడమ వైపే పడింది! వాడు చాలాసేపు చూసి, ఏమీ అనకుండా ఒక పెన్నూ, టార్చ్ ఆన్ చేసిన ఫోనూ బల్ల మీద పెట్టి, ఫోన్‌ని అటూ ఇటూ జరుపుతూ నీడ ఎటెళ్తోందో గీసుకోవడం మొదలెట్టాడు. బెల్ కొట్టినా లేవలేదు. ఆ రోజు వాడికి ఫుల్ మార్కులేశాను, బొమ్మ ఇంకా తప్పుగానే ఉంది.