వన్యప్రాణులు, మారుమూల తెగల ఫొటోగ్రఫీ: ఉపాధిగా ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి జువాలజీతో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. పీజీ చేయనని, మారుమూల ప్రాంతాలు తిరుగుతూ వన్యప్రాణులనూ అక్కడి తెగల సంప్రదాయ జీవితాన్నీ ఫొటోలు తీయడమే వృత్తిగా పెట్టుకుంటానని అంటోంది. ముందుగా ఒక పెద్ద లెన్సు కొనివ్వమంటోంది. ఇందులో స్థిరమైన ఆదాయం ఉంటుందా? ఏం చదివిస్తే మంచిది?
- ఒక తల్లి

జవాబు: ఆదాయం సంగతి ముందే చెప్పడం మంచిది. ప్రయాణాల్లో తీసిన ఫొటోలను పత్రికలకు అమ్మి, ఆ డబ్బుతోనే బతికేవారు ప్రపంచంలో ఎక్కడైనా చాలా కొద్దిమందే ఉంటారు. పత్రికలు తమ ఖర్చుతో ఫొటోగ్రాఫర్లను నెలల తరబడి అడవులకు పంపే అవకాశాలు బాగా తగ్గిపోయాయి. స్టాక్ ఏజెన్సీల (ఫొటోలను సేకరించి, వాడుకునేవారికి అమ్మిపెట్టే సంస్థల) ద్వారా ఒక్కో ఫొటోకు దక్కేది స్వల్పం. ఈ రంగంలో నిలదొక్కుకున్నవారికి పరిరక్షణ సంస్థల పనులు, గ్రాంట్లు, వర్క్‌షాపులు, వన్యప్రాణి యాత్రలకు మార్గదర్శకత్వం, ప్రింట్ల అమ్మకం, వీడియో చిత్రీకరణ ఇలా నాలుగైదు వైపుల నుంచి కొంత కొంత వస్తుంది. కాబట్టి నెలజీతం లాంటి స్థిరత్వాన్ని దీని నుంచి ఆశించవద్దు. అంతమాత్రాన మీ అమ్మాయిని వెనక్కి లాగమని కూడా నేను చెప్పను. అయితే పది ప్రదేశాలు తిరగాలన్న ఆమె ఆలోచనను ఒకే ప్రదేశానికి పదిసార్లు వెళ్లే ఆలోచనగా మార్చగలిగితే, ఈ వృత్తిలో ఆమెకు చోటు దొరికే అవకాశం బాగా పెరుగుతుంది.

ఇందుకు కారణం ఉంది. పులి ముఖం, సింహం ఆవలింత వంటి ఫొటోలు ఏజెన్సీల దగ్గర ఇప్పటికే లెక్కలేనన్ని ఉన్నాయి. ఒక జీవి బతుకులో ఇతరులు చూడని ఘట్టాన్ని, లేదా ఒక అడవికి జరుగుతున్న మార్పును వరుస చిత్రాల్లో చెప్పగలిగినవారినే సంపాదకులు పిలుస్తారు. లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ అక్షరాల ముందు నుంచి నడిచి వెళ్తున్న పీ-22 అనే కొండ సింహం (ప్యూమా) ఫొటో కోసం ఫొటోగ్రాఫర్ స్టీవ్ వింటర్ కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా రాగానే దానంతటదే ఫొటో తీసే కెమెరా) పెట్టి ఏడాదికి పైగా వేచి ఉన్నాడు. 1999, 2000 సంవత్సరాల్లో మధ్య ఆఫ్రికా అడవుల్లో జీవశాస్త్రవేత్త మైఖేల్ ఫే సాగించిన సుదీర్ఘ పాదయాత్రను ఫొటోగ్రాఫర్ మైఖేల్ నికోల్స్ చిత్రీకరించాడు. ఆ యాత్ర నివేదికలూ చిత్రాలూ చూసిన తర్వాత గేబన్ ప్రభుత్వం 2002లో ఒకేసారి 13 జాతీయ ఉద్యానాలను ప్రకటించింది. అంత ఫలితం ఇచ్చిన పనిలో ఫొటోగ్రాఫర్ పక్కనే ఒక జీవశాస్త్రవేత్త ఉన్నాడన్న సంగతి మీ అమ్మాయి గమనించాలి.

అందుకే పీజీ మానేస్తాననడం తొందరపాటు అని నా అభిప్రాయం. ధ్రువ ప్రాంతాల చిత్రాలతో పేరు తెచ్చుకున్న పాల్ నిక్లెన్ మొదట జీవశాస్త్రవేత్తగా పనిచేశాడు. 2005లో పరిరక్షణ ఫొటోగ్రాఫర్ల అంతర్జాతీయ లీగ్‌ను స్థాపించిన క్రిస్టీనా మిట్టర్‌మైయర్ కూడా సముద్ర జీవశాస్త్రవేత్తే. సెబాస్టియావో సల్గాడో ఆర్థికవేత్తగా ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టాడు. జువాలజీ మీ అమ్మాయికి ఇప్పటికే చేతిలో ఉన్న పెట్టుబడి. వన్యప్రాణి జీవశాస్త్రంలోనో పర్యావరణ శాస్త్రంలోనో పీజీ చేస్తే పరిశోధన శిబిరాల్లో అడుగుపెట్టే అర్హత వస్తుంది, అనుమతులు దొరుకుతాయి, ఫొటోలు అమ్ముడు కాని నెలల్లో సర్వే పనులు ఆదుకుంటాయి. కెమెరా పనితనాన్ని స్వల్పకాలిక కోర్సులతో, సాధనతో నేర్చుకోవచ్చు కాబట్టి దానికోసమే మూడేళ్ల డిగ్రీ అవసరం లేదు.

జంతువులకు ఎంత దూరంలో నిలబడాలన్నది చాలాచోట్ల చట్టమో నియమావళో నిర్ణయిస్తుంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2025 నుంచి ధ్రువపు ఎలుగుబంటికి కనీసం 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ చివరి వరకు 500 మీటర్లు దూరం పాటించాలి. అంటార్కిటికాలో పెంగ్విన్లకు 5 మీటర్లు, గాలపాగోస్‌లో జంతువులకు 2 మీటర్లు ఎడం ఉండాలి. ఖడ్గమృగాల వంటి వేటగాళ్ల గురి ఉన్న జంతువుల ఫొటోలను లొకేషన్ వివరాలు తొలగించకుండా బయట పెట్టకూడదు. ఎర వేసి, మచ్చిక జంతువును తెచ్చి అడవి ఫొటోగా చూపించడం వృత్తినే ముగించగలదు: లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వన్యప్రాణి ఫొటోగ్రఫీ పోటీలో 2009లో ప్రథమ బహుమతి పొందిన తోడేలు చిత్రంలోనిది శిక్షణ పొందిన తోడేలు కావచ్చని న్యాయనిర్ణేతలు తేల్చడంతో, ఫొటోగ్రాఫర్ కాదన్నా, 2010లో ఆ బహుమతిని రద్దు చేశారు.

ఇక తెగల సంప్రదాయ జీవితం. మీ ఉత్తరంలో ఇది వన్యప్రాణుల పక్కన ఒక చిన్న మాటగా వచ్చింది గానీ, నిజానికి ఇది పూర్తిగా వేరే వృత్తి, నా దృష్టిలో మరింత కష్టమైనది. జింకను అడగాల్సిన పని లేదు. మనిషిని అడగాలి, ఆ మనిషి కాదంటే కెమెరా దించాలి. అమెరికాలోని హోపీ గ్రామాల్లో సందర్శకులు ఫొటోలు తీయడమే కాదు, బొమ్మలు గీయడం కూడా నిషేధం. ఆస్ట్రేలియాలోని ఉలూరు కొండ చుట్టూ కొన్ని పవిత్ర స్థలాలను చిత్రించకూడదు. ఆస్ట్రేలియా ఆదివాసీ సమాజాలు చాలావాటిలో మరణించినవారి చిత్రాలను చూపడంపై ఆంక్షలు ఉంటాయి కాబట్టి, తీసిన ఫొటోకు సంబంధించిన బాధ్యత ఏళ్ల తరబడి కొనసాగుతుంది. అండమాన్‌లో జరవాలను ఫొటో తీయడం చట్టరీత్యా నేరం. అక్కడ అనుమతి ఎలా సంపాదించాలన్న ఆలోచనే పెట్టుకోకూడదు.

అనుమతి దొరికినంత మాత్రాన ఫొటో నిజం చెబుతుందనుకోవడానికీ లేదు. ఇథియోపియాలోని ఓమో లోయలో ముర్సీలు ఫొటోకు ఇంత అని పర్యాటకుల దగ్గర డబ్బు తీసుకుంటారు. ఎక్కువ అలంకరణ ఉన్నవారి వైపే కెమెరాలు తిరుగుతాయి కనుక రోజువారీ జీవితంలో లేని అలంకారాలు పర్యాటకుల కోసం పుట్టుకొస్తాయి. వందేళ్ల కింద ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ కర్టిస్ అమెరికాలోని పీగన్ తెగ గుడారం లోపల తీసిన ఫొటోలో ఇద్దరి మధ్య ఉన్న గడియారాన్ని ముద్రణకు ముందు చెరిపేశాడు. ఆ తెగ ఆధునిక వస్తువులు ముట్టని గతంలోనే ఉన్నట్లు కనిపించాలన్నది అతని కోరిక. నేటి యువ ఫొటోగ్రాఫర్లు మొబైల్ ఫోనునూ ప్లాస్టిక్ కుర్చీనీ ఫ్రేము బయటికి జరిపేటప్పుడు చేస్తున్నది దాదాపు అదే. ఈ పని చేయాలంటే ఆ ప్రజల భాష కొంతైనా రావాలి, ఫొటో ఎక్కడ ప్రచురిస్తారో వారికి అర్థమయ్యేలా చెప్పాలి, వాణిజ్య వినియోగానికైతే రాతపూర్వకంగా మోడల్ రిలీజ్ (ఫొటోలోని వ్యక్తి ఇచ్చే సమ్మతి పత్రం) తీసుకోవాలి, ప్రింట్లు వారికి చేర్చాలి. దీనిమీదే ఆసక్తి ఎక్కువైతే జువాలజీ కన్నా ఆంత్రోపాలజీ (మానవ శాస్త్రం) పీజీ సరైన దారి. రెండూ ఒకేసారి మొదలుపెట్టడం కన్నా మొదటి రెండు మూడేళ్లు ఒకదానికే పరిమితం కావడం మంచిది.

ఇక ఈ ఏడాది ఏం చేయవచ్చు? మళ్లీ మళ్లీ వెళ్లగలిగిన ఒక చెరువునో పొదల అంచునో ఎంచుకుని, అక్కడి ఒకే జీవిపై ఇరవై ఫొటోల కథ తయారుచేయమనండి. రోజూ సాయంత్రం మెమరీ కార్డులోని రా ఫైళ్లను (కెమెరా మార్పు చేయకుండా దాచే మూల చిత్రాలను) రెండు డ్రైవుల్లోకి ఎక్కించి, ప్రతి చిత్రానికీ ఆ జీవి పేరు, స్థలం, తేదీ, అప్పుడది ఏం చేస్తోందో రాసే అలవాటు చేసుకోవాలి. చలి నుంచి వెచ్చని గదిలోకి రాగానే కెమెరా బయటికి తీస్తే లోపల తేమ పడుతుంది. గాలి చొరబడని సంచిలో మూసి గది వేడికి వచ్చేవరకు ఆగాలి. బ్యాటరీలను విమానంలో చేతి సామానులోనే తీసుకెళ్లాలి. ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాలు కొన్ని అడిగే ఎల్లో ఫీవర్ టీకా పత్రం టీకా వేసిన 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. మారుమూలకు వెళ్లేముందు అత్యవసర తరలింపు వర్తించే బీమా, ఫోను సిగ్నల్ లేనిచోట పనిచేసే శాటిలైట్ మెసెంజర్ ఉన్నాయో లేదో తల్లిగా మీరు తప్పక అడగండి.

లెన్సు మాత్రం ఇప్పుడే కొనవద్దు. 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్సులు అద్దెకు దొరుకుతాయి. ఆ ఇరవై ఫొటోల కథ పూర్తయ్యేసరికి ఏ చిత్రాలు దూరం వల్ల చేజారాయో, ఏవి ఓపిక చాలక చేజారాయో ఆమెకే తెలుస్తుంది. మొదటివే ఎక్కువైతే అప్పుడు కొనివ్వండి. ఎన్నేళ్ల వరకు మీరు ఆర్థికంగా తోడుంటారన్నది కూడా ఆరోజే ఆమెతో కూర్చుని స్పష్టంగా మాట్లాడుకోండి.