రసీదు మీద నెల ఉండాల్సిన చోట 42 ఎందుకు పడింది?

ప్రశ్న: తిరుపతిలో అలిపిరికి వెళ్లే దారిలో మాకు చిన్న లాడ్జి ఉంది. గది రసీదుల కోసం పైథాన్‌లో నేనే ఒక ప్రోగ్రామ్ రాసుకున్నాను. 2024 ఆగస్టు 5న ఉదయం 6:42కు ఇచ్చిన రసీదు మీద 05-42-2024 అని పడింది. పైగా ప్రోగ్రామ్‌ను అద్దె సర్వర్‌లోకి మార్చినప్పటి నుంచి, తెల్లవారుజామున దిగే యాత్రికుల రసీదులకు ముందురోజు తేదీ వస్తోంది. పొరపాటు ఎక్కడుంది?

జవాబు: ఆ 42 మీ రసీదు నిమిషాలు. తేదీని అక్షరాల్లోకి మార్చే 'ఎస్‌టీఆర్‌ఎఫ్‌టైమ్'లో శాతం గుర్తు తర్వాత చిన్న 'ఎం' రాస్తే నెల, పెద్ద 'ఎం' రాస్తే నిమిషం వస్తాయి. మీరు నెల కోసం పెద్దది రాశారు. జావాలో ఇది సరిగ్గా తలకిందులు, అక్కడ పెద్ద 'ఎం' నెలకు, చిన్నది నిమిషానికి. ఈ తప్పుకు ప్రోగ్రామ్ ఆగదు, హెచ్చరికా ఇవ్వదు. అదే రసీదును 6:08కి ఇచ్చి ఉంటే 05-08-2024 అని పడేది, మీకు అనుమానమే వచ్చేది కాదు. అందువల్ల పరీక్షించేటప్పుడు రోజు, గంట, నిమిషం మూడూ 12 దాటిన సమయాన్ని, ఉదాహరణకు ఆగస్టు 25 రాత్రి 7:42ను, ఇచ్చి చూడండి. పన్నెండు గంటల పద్ధతికి వాడే పెద్ద 'ఐ' పక్కన చిన్న 'పి' లేకపోతే ఉదయం ఏడుకూ రాత్రి ఏడుకూ తేడా తెలియదన్న సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది.

రెండో సమస్యకు కారణం, మీ సర్వర్ గడియారం యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తుండడం. మన సమయం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటుంది కాబట్టి ఇక్కడ తెల్లవారుజామున 3 గంటలైతే అక్కడ ఇంకా ముందురోజు రాత్రి 9:30. అద్దెను రోజు లెక్కన వసూలు చేసే చోట ఈ తేడా యాత్రికుడి జేబు మీద పడుతుంది, దీన్ని ఈరోజే సరిచేయండి. పైథాన్ 3.9 నుంచి వస్తున్న, ప్రాంతాల సమయాలను చూసుకునే 'జోన్‌ఇన్ఫో' మాడ్యూల్‌తో 'ఆసియా/కోల్‌కతా' అని ఇంగ్లిషు అక్షరాల్లో ఇచ్చి ప్రస్తుత సమయాన్ని తీసుకుంటే సర్వర్ ఏ దేశంలో ఉన్నా రసీదు మీద మన సమయమే పడుతుంది.

డేటాబేస్‌లో మాత్రం తేదీని తేదీగానే దాచి, ముద్రించే క్షణంలోనే అక్షరాల్లోకి మార్చండి. అక్షరాలుగా దాచి వరుసలో పెడితే 05-08-2024 అనేది 12-12-2023 కంటే ముందుకు వచ్చేస్తుంది. అక్షరాలుగా దాచడం తప్పనిసరైతే, తేదీలు రాసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పినట్టు సంవత్సరం, నెల, రోజు క్రమంలో రాయండి.

ఇప్పటికే తప్పుగా పడిన రసీదుల్లో నెల పోయింది, ఆ అక్షరాల నుంచి దాన్ని తిరిగి రాబట్టలేరు. రసీదు నంబర్లు వరుసగా ఉంటే, వాటిని మీ రిజిస్టర్‌తో పోల్చి చేత్తో సరిదిద్దుకోవాలి.